బోనులోని ప్రాణి, చంకలోని పసివాడు

మాటలు వచ్చీరాని పిల్లలకు జంతువులంటే ఎంతో ఇష్టం. అమెరికా వంటి దేశాల్లో కొన్ని జంతు ప్రదర్శనశాలలు రెండు మూడేళ్ళ పసివాళ్ళకు, వారి తల్లిదండ్రులతో కలిపి తరగతులు నడుపుతున్నాయి. శ్రీకాకుళం, విజయనగరం కుటుంబాలు సెలవు దొరికితే పిల్లల్ని తీసుకెళ్ళేది విశాఖపట్నం జూకు. 1977లో ప్రారంభమైన ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల అది. అక్కడ పసివాడికి ఉపాధ్యాయులు వాణ్ణి చంకనెత్తుకున్న అమ్మీ అబ్బాలే.

మరి మన పిల్లవాడు చూసి నేర్చుకోవడం కోసం అల్లాహ్ సృష్టించిన ప్రాణిని బంధించి ఉంచడం ధర్మమేనా? దివ్య ఖుర్ఆన్ పశుపక్ష్యాదులను కూడా మనలాంటి సముదాయాలేనని చెబుతుంది కదా!

హజ్రత్ అనస్ (రజి) గారి తమ్ముడు అబూ ఉమైర్ పసివాడు. అతనికి ఆడుకోవడానికి ఒక చిన్న పిట్ట ఉండేది. అది చనిపోయి పిల్లవాడు దిగులుగా కూర్చుంటే, దైవప్రవక్త ముహమ్మద్ (స) ఆ పిట్ట సంగతే అడుగుతూ అతణ్ణి లాలించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ హదీసు ఉంది. ఇబ్నుల్ ఖాస్ అనే పండితుడు ఈ ఒక్క చిన్న సంఘటన నుంచి అరవై దాకా ధర్మసూక్ష్మాలు వెలికితీశారు. పిల్లల కోసం పక్షిని ఉంచుకోవచ్చునన్న అనుమతిని పండితులు ఇక్కడినుంచే గ్రహించారు. అయితే పిల్లిని కట్టివేసి, తాను తిండి పెట్టక, పురుగూ పుట్రా తిని బతకడానికైనా విడిచిపెట్టక చంపిన స్త్రీ నరకం పాలైందని చెప్పినవారు కూడా ఆ ప్రవక్తే (స). అంటే బంధించినవాడు యజమాని కాడు, కాపలాదారు. ఆ ప్రాణి ఆకలిదప్పులు, నీడ, నెమ్మది అతని మెడకు చుట్టుకున్న బాధ్యతలు. విశాఖ జూలో అరుదైపోతున్న రేచుకుక్కల సంతతిని పెంచే పని జరుగుతోంది. అలాంటి చోట బోనుకు ఒక అర్థం ఉంది. వినోదం తప్ప మరేమీ లేని బోనును సమర్థించడం నా దృష్టిలో కష్టమే.

టిక్కెట్టు కొన్నంత మాత్రాన మనం ఈ బాధ్యత నుంచి తప్పించుకోలేము. పడుకున్న పులిని లేపడానికి ఈలలు వేసేది, కోతి మీదికి పల్లీలు విసిరేది ఎవరు? పెద్దవాళ్ళే. జూలో జంతువులను ఏడిపించడం, వాటికి తిండి పెట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా నిషేధించింది. అబ్బా విసిరితే పిల్లవాడు విసురుతాడు. వాడికింకా పాపపుణ్యాల లెక్క మొదలుకాలేదు, వాడి చేతిలోని గులకరాయికి జవాబు చెప్పవలసింది మనం. ఖురైషు కుర్రాళ్ళు కొందరు ఒక పక్షిని కట్టి గురిచూసి బాణాలు వేస్తుంటే, అలా చేసేవారిని దైవప్రవక్త (స) శపించారని హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) హెచ్చరించారు. ఆ కుర్రాళ్ళు కూడా ఒకనాడు పసివాళ్ళే!

నన్నడిగితే, మన జిల్లాల వాళ్ళకు ఇంతకంటే మంచి తరగతి శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలంలోని తేలినీలాపురంలో ఉంది. ఏటా వర్షాలు ముగిసే వేళకు గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఊరి చెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లల్ని చేసి, వేసవి నాటికి వెళ్ళిపోతాయి. సైబీరియా నుంచి వస్తాయని అందరూ అంటారు గానీ ఈ జాతులు మన దక్షిణాసియావే. అక్కడ బోను లేదు, పక్షి తన ఇష్టంతో వచ్చింది. ఒక ప్రయాణంలో సహాబాలు పిట్ట గూట్లోంచి రెండు పిల్లల్ని తీసుకుంటే, తల్లిపిట్ట రెక్కలు కొట్టుకుంటూ తిరగడం చూసి దైవప్రవక్త (స) వాటిని వెనక్కి పెట్టించారు. ఈ సంగతి రెండేళ్ళవాడికి ఇంట్లో చెబితే కథ. గూళ్ళ కింద, చెట్టుకు కాస్త దూరంగా, గొంతు తగ్గించి చెబితే వాడు తలెత్తి ఆ తల్లి ఎక్కడుందని వెతుకుతాడు.