పిండి కొద్దీ రొట్టేనా?

సంపన్న క్లబ్ మేనేజర్ గెలిస్తే ఘనత డబ్బుకి పోతుంది, ఓడితే నింద మొత్తం అతని నెత్తిన పడుతుంది. యూరప్ ఫుట్‌బాల్‌ను ఇష్టంగా చూసేవాళ్ళలో చాలామందికి ఈ తూకం అన్యాయమని కూడా అనిపించదు. గ్వార్డియోలా మేనేజర్‌గా మాంచెస్టర్ సిటీ కప్పు గెలిచిన ప్రతిసారీ నా మిత్రుడొకడు అదే మాట అంటాడు. "పిండి కొద్దీ రొట్టెరా! అంత డబ్బు పోసి అంతమంది మొనగాళ్ళను తెచ్చిపెడితే గెలిపించడానికి గ్వార్డియోలాయే కావాలా? దమ్ముంటే ఏ రెండో డివిజన్ జట్టునో పట్టుకుని పైకి తెమ్మను." వాడి మాటను తోసిపుచ్చడం నాకెప్పుడూ తేలిక కాలేదు. అలాగని ఒప్పుకోబుద్ధీ కాదు. ఎందుకు కాదో ఇక్కడ తేల్చుకోవాలనిపించింది.

వాడి వాదనకు బలం లేకపోలేదు. సైమన్ కూపర్ అనే పాత్రికేయుడు, స్టెఫాన్ షిమాన్‌స్కీ అనే ఆర్థికవేత్త కలిసి 'సాకర్‌నామిక్స్' అనే పుస్తకం రాశారు. ఇంగ్లండ్ క్లబ్బుల పద్దులు తిరగేసి వాళ్ళు చూపించింది ఇదే. ఆటగాళ్ళను కొనడానికి పోసిన డబ్బు కంటే వాళ్ళకిచ్చే జీతాల మొత్తం లీగ్‌లో స్థానాన్ని బాగా పట్టిస్తుంది. కొన్నేళ్ళ సగటు తీస్తే ఎక్కువ జీతాలిచ్చే క్లబ్ పైన, తక్కువిచ్చేది కింద. చాలామంది మేనేజర్లు ఆ వరసను కదిలించలేరు.

కాని ఆ లెక్కలోనే సంపన్న క్లబ్ మేనేజర్‌కు ఒక చిక్కు ఉంది. 2016లో క్లాడియో రనియేరి లెస్టర్ సిటీని ఇంగ్లండ్ ఛాంపియన్‌గా నిలబెట్టాడు. సీజన్ మొదట్లో బుకీలు ఆ జట్టుకిచ్చిన రేటు ఒకటికి 5000. అంత కిందనుంచి ఎక్కాడు కాబట్టి అతనెంత ఎత్తు ఎక్కాడో అందరికీ కనిపించింది. జీతాల పట్టికలో అప్పటికే మొదట ఉన్న జట్టును తీసుకున్నవాడు ఎక్కడికి ఎక్కి చూపించాలి? మొదటి స్థానానికి పైన మరో మెట్టు లేదు. 2017-18లో గ్వార్డియోలా జట్టు 38 మ్యాచ్‌ల్లో 100 పాయింట్లు తెచ్చింది. ప్రీమియర్ లీగ్‌లో అంతకుముందు ఎవరూ తేలేదు. అయినా పట్టికలో దొరికింది ఒకటో స్థానమే.

క్రిస్టోఫ్ గాల్టియే కథ చూడండి. 2021లో లిల్ జట్టుతో, కోట్లు కుమ్మరించే పారిస్ సాంజెర్మాన్‌ను వెనక్కి నెట్టి ఫ్రెంచ్ లీగ్ గెలిచాడు. మరుసటి ఏడాది పారిస్ క్లబ్ అతన్నే తెచ్చుకుంది. మెస్సీ, నెయ్‌మార్, ఎంబాపేలను చేతికిచ్చింది. 2023లో లీగ్ గెలిచాడు, ఉద్యోగం పోయింది. రెండుసార్లూ గెలిచింది ఒకే కప్పు, గెలిపించింది ఒకే మనిషి. కప్పుల సంఖ్య చూసి మనిషి ప్రతిభను కొలవలేమని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయంలో ఏ పని జరగడానికైనా ఐదు కారణాలు చెప్పారు. అధిష్ఠానం, కర్త, కరణాలు, రకరకాల చేష్టలు, అయిదోది దైవం. తానొక్కడే కర్తననుకునేవాడు ఉన్నదున్నట్టు చూడలేడని కూడా ఆ వెంటనే చెప్పారు. వ్యాఖ్యాతలు అధిష్ఠానమంటే శరీరమన్నారు. ఫుట్‌బాల్ దగ్గరికి వచ్చేసరికి నాకది క్లబ్ అనిపిస్తుంది, దాని ఖజానాతో, మైదానంతో, పేరుతో సహా. మేనేజర్ కర్త. ఆటగాళ్ళు కరణాలు అందామంటే అక్కడ చిక్కు వస్తుంది. చెప్పినట్టు వినే పనిముట్లు కారు వాళ్ళు. ఒక్కొక్కరికీ సొంత పేరు, సొంత అహం, కొందరికి కోచ్ జీతాన్ని మించిన జీతం ఉంటాయి. పెద్ద క్లబ్‌లో కరణాలన్నీ కర్తలే. ఇరవై అయిదు మంది కర్తల్లో ఒకేసారి పదకొండు మందినే మైదానంలోకి పంపగలడు. మిగతా పద్నాలుగు మంది సంగతేమిటి? నాకు జవాబు దొరికింది ఆ పద్నాలుగు మంది దగ్గరే.

విసెంతె దెల్ బోస్కె ఉదాహరణతో చెబుతాను. గుబురు మీసం, నెమ్మదైన మాట, కెమెరాల ముందు ఇబ్బందిపడే మనిషి. ఒకప్పుడు రియల్ మాడ్రిడ్‌కే మిడ్‌ఫీల్డర్‌గా ఆడాడు, తర్వాత అక్కడే కుర్రాళ్ళకు ఆట నేర్పాడు. 1999 నవంబరులో సీజన్ మధ్యలో ప్రధాన జట్టు పగ్గాలు అతని చేతికొచ్చాయి. ఆ సీజన్‌లో మాడ్రిడ్ స్పానిష్ లీగ్‌లో అయిదో స్థానంలో ఆగింది, పారిస్ ఫైనల్లో వలెన్సియాను 3-0తో ఓడించి యూరప్ ఛాంపియన్ మాత్రం అయింది. ఆ తర్వాత ఫ్లోరెంతినో పెరెజ్ అధ్యక్షుడై ఏటా ఒక మహా తారను తెచ్చాడు. 2000లో ఫిగో, 2001లో జిదాన్, 2002లో బ్రెజిల్ రొనాల్డో. దెల్ బోస్కె చేతిలో 2001, 2003 స్పానిష్ లీగులు, 2002 ఛాంపియన్స్ లీగ్ వచ్చాయి. అప్పుడూ లోకం అన్న మాట నా మిత్రుడి మాటే.

2002 మే 15న గ్లాస్గోలో హాంప్‌డెన్ పార్క్ ఫైనల్ అనగానే అందరికీ జిదాన్ గోల్ గుర్తొస్తుంది. రొబెర్తో కార్లోస్ పైకి లేపిన బంతి ఆకాశంలోంచి దిగుతుంటే ఎడమకాలితో గాల్లోనే కొట్టిన గోల్ అది. నేను ఆ మ్యాచ్ గురించి ఆలోచించినప్పుడు నా మనసు మరోచోట ఆగుతుంది. మాడ్రిడ్ గోల్‌కీపర్ సీసర్. కాసియస్ అనే ఇరవై ఏళ్ళ కుర్రాణ్ణి పక్కనపెట్టి ఆ సీజన్ చివర్లో దెల్ బోస్కె సీసర్‌ను ఆడించాడు. 68వ నిమిషంలో సీసర్ గాయపడ్డాడు. బెంచ్ మీదినుంచి కాసియస్ లేచి వచ్చాడు. 2-1 ఆధిక్యం మీద చివరి నిమిషాల్లో ప్రత్యర్థి లెవర్‌కుసెన్ విరుచుకుపడింది. గోల్‌లోకి దూసుకొచ్చే బంతుల్ని కాసియస్ ఒకదాని వెంట ఒకటి కాళ్ళతో, చేతులతో అడ్డుకున్నాడు. విజిల్ మోగాక ఏడ్చేశాడు.

ఆ కప్పును ఎవరి పేరున రాయాలి? కాసియస్‌ను కూర్చోబెట్టడం కోచ్ పొరపాటేననీ, సీసర్ గాయం ఆ పొరపాటును దిద్దిందనీ ఒకరనవచ్చు. కలిసొచ్చే కాలానికి నడిచొచ్చే కొడుకు పుట్టాడని ఇంకొకరనవచ్చు. దైవమనే అయిదో కారణం అక్కడ ఉందని నేనూ ఒప్పుకుంటాను. కాని గాయం దైవమైతే, ఆ తర్వాతి ఇరవై పైచిలుకు నిమిషాలు దైవం కాదు. జట్టులో చోటు పోగొట్టుకున్న కుర్రాడు ఏడాదిలోకెల్లా పెద్ద మ్యాచ్‌లో, ఒళ్ళు వెచ్చబడకుండానే లోపలికొచ్చి అలా నిలబడాలంటే, అంతకుముందు వారాల్లో వాడి మనసు విరిగి ఉండకూడదు. కూర్చోబెట్టినవాడి మీద కసి పెంచుకుని ఉండకూడదు. ఆ వారాల్లో ఏం జరిగిందో టీవీలో రాదు, పాయింట్ల పట్టికలోకీ ఎక్కదు. పెద్ద క్లబ్ మేనేజర్ అసలు పని అక్కడే జరుగుతుంది.

మైదానంలో ఉండి కూడా కంటికి ఆననివాళ్ళుంటారు. ఆ మాడ్రిడ్ జట్టులో క్లోద్ మకెలెలే అలాంటివాడు. రొబెర్తో కార్లోస్ ఎడమవైపు దూసుకెళ్ళినప్పుడల్లా వెనక పెద్ద ఖాళీ ఏర్పడేది. జిదాన్ లోపలికి జరిగితే ఇంకో ఖాళీ. మకెలెలే ఆ రెండింటినీ కనిపెట్టి అడ్డంగా జరుగుతూ, బంతి దొరకబుచ్చుకుని, పక్కనున్న గొప్పవాడికి రెండు గజాల పాస్ ఇచ్చి మళ్ళీ తన చోటికి పోయేవాడు. అమ్ముడుపోయే చొక్కాల మీద అతని పేరు ఉండేది కాదు. అయినా ప్రతి వారం అతన్ని ఆడించాడు దెల్ బోస్కె.

2003 జూన్ 22న బిల్బావోను ఓడించి మాడ్రిడ్ లీగ్ గెలిచింది. మర్నాడే దెల్ బోస్కె ఒప్పందం పొడిగించడం లేదని క్లబ్ ప్రకటించింది. ఆ వేసవిలో బెకమ్ వచ్చాడు. జీతం పెంచమన్న మకెలెలే చెల్సీకి వెళ్ళిపోయాడు. కొత్త కోచ్ కార్లోస్ కైరోష్‌కు అంతకుముందుకంటే ఎక్కువ మంది తారలు దొరికారు. పిండి పెరిగింది. రొట్టె? స్పానిష్ కప్ ఫైనల్లో జరగోజా చేతిలో ఓటమి. లీగ్‌లో ఆఖరి అయిదు మ్యాచ్‌లూ ఓడి నాలుగో స్థానం. ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్లో మొనాకో చేతిలో నిష్క్రమణ. ఆ మొనాకో తరఫున రెండు మ్యాచ్‌ల్లోనూ గోల్ కొట్టినవాడు మొరియెంతెస్. రొనాల్డో వచ్చాక మాడ్రిడ్‌లో చోటు తగ్గిపోయి, అద్దెకు మొనాకో వెళ్ళినవాడు. బెంచ్ మీద కూర్చోబెట్టి అట్టిపెట్టుకోలేకపోయిన మనిషే ఎదుటి పక్షాన నిలబడి ఇంటికి పంపించాడు. ఆ తర్వాత మాడ్రిడ్ మళ్ళీ లీగ్ గెలవడానికి 2007 దాకా పట్టింది. 2003 నుంచి 2006 లోపు అయిదుగురు కోచ్‌లు మారారు.

మనిషి వెళ్ళిపోయాక జట్టు కూలితే అది అతని గొప్పతనానికి రుజువేనా? పూర్తిగా కాదు. కోచ్ వెళ్ళిన వేసవిలోనే మకెలెలే కూడా వెళ్ళాడు, కెప్టెన్ హియెర్రో కూడా వెళ్ళాడు. ఎవరి లోటు ఎంతో విడదీసి చెప్పే తక్కెడ ఎవరి దగ్గరా లేదు. ఇంకొకటి కూడా చెప్పాలి. అదే దెల్ బోస్కె 2004లో తుర్కియేలోని బెషిక్తాష్‌కు వెళ్ళి, సీజన్ ముగియకముందే ఉద్యోగం పోగొట్టుకున్నాడు. కార్లో ఆన్చెలోత్తి అయిదుసార్లు ఛాంపియన్స్ లీగ్ గెలిపించిన కోచ్. ఎవర్టన్‌లో పూర్తిగా ఉన్న ఒక్క సీజన్‌లో పదో స్థానంతో సరిపెట్టుకున్నాడు. నా మిత్రుడి పరీక్ష ప్రకారం ఇద్దరూ తప్పారు. నేనైతే ఆ పరీక్షనే ఒప్పుకోను. లేమిలో జట్టును నడపడం ఒక విద్య, కలిమిలో నడపడం మరో విద్య. రెండూ ఒకరికే వచ్చి తీరాలని ఎక్కడుంది?

లేమి విద్యలో ఆరితేరినవాడు మన హైదరాబాద్‌లోనే ఉండేవాడు. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులుగా పనిచేసి, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టునూ దేశం జట్టునూ తీర్చిదిద్దాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు కుట్లు పడ్డాయి. రహీం అతన్ని పక్కన పెట్టకుండా ఫార్వర్డ్‌గా ముందుకు పంపాడు. ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించినప్పుడు ఒక గోల్ ఆ కుట్లు పడ్డ తలవాడిదే. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం ఆ తర్వాత మనకు మళ్ళీ రాలేదు. ఉన్న ఒక్కణ్ణీ వృథా పోనివ్వకపోవడం రహీం గొప్పతనం. ఎక్కువైనవాళ్ళు పాడైపోకుండా చూసుకోవడం దెల్ బోస్కె గొప్పతనం. మొదటిదాన్ని చూసి మనం చప్పట్లు కొడతాం. రెండోది మన కంట పడదు.

పడాలంటే చివరి ఇరవై నిమిషాలు చూడాలి. 2024 మే 8న బయర్న్‌తో ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్లో మాడ్రిడ్ వెనకబడి ఉంది. అప్పటి మాడ్రిడ్ కోచ్ ఆన్చెలోత్తి 81వ నిమిషంలో హొసేలును పంపాడు. రెండో డివిజన్‌కు పడిపోయిన ఎస్పాన్యోల్ నుంచి అద్దెకు వచ్చిన ముప్ఫై దాటిన ఆటగాడు అతను. 88లో ఒక గోల్, 90 నిమిషాల తర్వాత కలిపిన సమయం మొదలవుతూనే మరొకటి కొట్టాడు. ఇది డబ్బు చేసిన పని అని నేను అనలేను. గ్వార్డియోలాది ఇంకో దారి. 2023 జనవరిలో కాన్సెలో లాంటి పేరున్న ఆటగాణ్ణి సీజన్ మధ్యలో బయర్న్‌కు అద్దెకు పంపేసి, స్టోన్స్ అనే డిఫెండర్‌ను మిడ్‌ఫీల్డ్‌లోకి తెచ్చి, ఆ ఏడాదే మూడు పెద్ద కప్పులూ గెలిచాడు. అలా పంపేసే వెసులుబాటు ధనిక క్లబ్‌కే ఉంటుంది, నిజమే. ఎవర్ని పంపాలో చెప్పేది మాత్రం డబ్బు కాదు.

మళ్ళీ దెల్ బోస్కె దగ్గరికి. 2010 ప్రపంచ కప్‌కు అతను తీసుకెళ్ళింది అప్పటికే యూరప్ ఛాంపియన్ అయిన స్పెయిన్‌ను. అప్పుడూ అదే మాట, అది బార్సిలోనా తయారుచేసిన జట్టు, ఎవడు నడిపినా గెలుస్తుందని. మొదటి మ్యాచ్‌లో స్విట్జర్లాండ్ చేతిలో ఓడింది. బుస్కెట్స్, అలోన్సోలను జంటగా ఆడించడం దండగని విమర్శలొచ్చాయి. అతను మార్చలేదు. జూలై 11న నెదర్లాండ్స్‌తో ఫైనల్లో 116వ నిమిషాన ఇనియెస్తా కొట్టిన ఒకే ఒక్క గోల్ ఎలా పుట్టిందో ఒకసారి వీడియో పెట్టుకుని చూడండి. కుడివైపు నుంచి బంతిని పట్టుకుని పరుగు తీసింది నవాస్. ఎడమనుంచి లోపలికి కొట్టింది తోరెస్. అడ్డుపడి చెదిరిన బంతిని అందుకుని ఇనియెస్తాకు ఇచ్చింది ఫాబ్రెగాస్. ముగ్గురూ బెంచ్ మీదినుంచి వచ్చినవాళ్ళే. ఎవరి క్లబ్‌లో వాళ్ళు పెద్ద ఆటగాళ్ళు, అక్కడ మాత్రం తమ వంతు కోసం కాచుకుని కూర్చున్నవాళ్ళు.

రెండేళ్ళకు దెల్ బోస్కె యూరో కప్ కూడా గెలిచాడు. ఛాంపియన్స్ లీగ్, ప్రపంచ కప్, యూరో కప్ మూడూ గెలిపించిన కోచ్ ఇప్పటికి అతనొక్కడే.