రోగికి నిజము చెప్పవలెనా?



మన సంఘములలో తరచుగా తలెత్తుచున్న ప్రశ్న ఒకటి కలదు. ఇంటి పెద్దకు క్యాన్సరు వచ్చినదని డాక్టరుగారు కుమారులను ప్రక్కకు పిలిచి చెప్పుదురు. కుమారులు బయటకు వచ్చి, కండ్లు తుడుచుకొని, తండ్రి యొద్దకు వెళ్లి, "ఏం లేదు నాయనా, చిన్న గడ్డ, తీసేస్తారంట" అందురు. తరువాత పాస్టరు ఇంటికి వచ్చి, "అయ్యగారూ, నాయనకు ఆ మాట చెప్పబాకండి, ప్రార్థనలో గూడా ఆ పేరు ఎత్తబాకండి" అని బతిమాలుదురు. వెంకటాచలము చుట్టుప్రక్కల పల్లెలలో ఈ మనవి నేను ఎన్నిసార్లు వింటినో లెక్క చెప్పలేను. అది ప్రేమ గలవారు చేయు మనవియే. అయినను అది సరియైనదా?

సరియైనది కాదని నా తలంపు. ఎందుకో చెప్పుటకు ఒక్క వ్యాధిని మాత్రము తీసికొందును. ప్రేగులో పుట్టి, కాలేయమునకు, అనగా మనము కార్జమని పిలుచు అవయవమునకు ప్రాకిన క్యాన్సరు. దానికి చేయు ఆపరేషనులో కత్తి పట్టినవారితోపాటు రోగి కూడ పని చేయవలసియున్నది. పని యేమిటో తెలియనివానిచేత ఆ పని యెట్లు చేయించగలము?

ప్రేగులనుండి బయలుదేరు రక్తము తిన్నగా గుండెకు పోదు. ముందు కాలేయమునకు వచ్చి, అక్కడ వడకట్టబడి, ఆ తరువాత గుండెకు పోవును. పెన్న నీరు కాలువల గుండ వచ్చి మన చెరువులలో చేరినప్పుడు, మోసికొని వచ్చిన ఒండ్రు చెరువు అడుగున దిగును గదా. ఆలాగే ప్రేగులోని క్యాన్సరు కణములు కొన్ని రక్తములో కొట్టుకొనివచ్చి కాలేయములో దిగి అక్కడ పెరుగును. ఒకప్పుడు ఇది తుదిమాటగా ఎంచబడెడిది. ఇప్పుడు అట్లు కాదు. అందరికి వీలు కాకపోయినను, మచ్చలు తీయదగిన చోట ఉన్న కొందరికి, ఆ భాగమును కోసి తీసివేయుచున్నారు.

దేవుడు ఈ అవయవమునకు ఇచ్చిన గుణము ఆశ్చర్యకరమైనది. పెద్దవారి కాలేయము సుమారు ఒకటిన్నర కిలో తూగును. మిగిలినది ఆరోగ్యముగా ఉన్నయెడల, నూటికి డెబ్బది పాళ్లవరకు తీసివేసినను, ఆ మిగిలిన ముక్క కొన్ని వారములలో, నెలలలో మరల పెరుగును. వేలు తెగిన వేలు రాదు, కన్ను పోయిన కన్ను రాదు, ఇది మాత్రము పెరుగును. గాని కీమో మందులచేతనో, సారాయిచేతనో, క్రొవ్వుచేతనో అది ముందే దెబ్బతినియుంటే, ఎక్కువ భాగము మిగల్చవలెను. మిగులబోవు భాగము చాలదని తోచినప్పుడు, తీసివేయబోవు వైపునకు పోవు రక్తనాళమును ముందుగా మూసి, రెండవ వైపు పెరుగువరకు సుమారు నాలుగు వారములు కనిపెట్టుదురు. జపాను వైద్యులు 1980ల కాలములో చూపిన మార్గమిది. ఆ నాలుగు వారములు రోగి ఇంటియొద్ద ఏమి చేయవలెను? ఊరక పండుకొనవచ్చునా?

కూడదు. బీడీ, చుట్ట, సారాయి పూర్తిగా మానవలెను. దినదినము నడువవలెను, ఆయాసము వచ్చునంత నడువవలెను. గ్రుడ్డు, పప్పు, చేప తిని ఒంటికి బలము కూర్చుకొనవలెను. చక్కెర వ్యాధి ఉంటే అదుపులోనికి తేవలెను. ఎవరో ఇచ్చిన పసరు మందు త్రాగుచున్నయెడల దాచక డాక్టరుగారితో చెప్పవలెను, ఏలయనగా కొన్ని ఆకుల మందులు కాలేయమునకే కీడు చేయును. మూడు బంతులున్న ఒక గొట్టమును ఇత్తురు. దానిని నోట పెట్టుకొని గాలి లోపలికి పీల్చినకొలది బంతులు పైకి లేచును. అది పిల్లల ఆటవస్తువువలె కనబడును గాని, ఆపరేషను తరువాత ఊపిరితిత్తులలో నిమ్ము చేరకుండ కాపాడునది అదియే.

మన ప్రాంతపు సంఘములో ఒక పెద్దాయన, వరి సేద్యము చేయువాడు. ఊరి పేరు వ్రాయను. ప్రేగు ఆపరేషను అయినప్పుడు కుమారులు అతనితో "పేగులో పుండు" అని చెప్పియుండిరి. ఏడాది తిరుగకముందే స్కానింగులో కాలేయమునందు రెండు మచ్చలు కనబడెను. ఈసారి "నీటి గడ్డ" అనిరి. ఆ మూడు బంతుల గొట్టమును అతడు మనుమల చేతికి ఆడుకొనుటకు ఇచ్చివేసెను. నడవమంటే నడవలేదు. బీడీ మానలేదు. "నీటి గడ్డకు ఇంత రచ్చ దేనికిరా?" అని విసుగుకొనెను. చదువరులారా, అతని మాటలో తప్పేమున్నది? నీటి గడ్డకు నిజముగానే అంత రచ్చ అక్కరలేదు. అతడు తనకు చెప్పబడిన వ్యాధికి తగినట్లే నడుచుకొనెను.

చివరకు చెప్పినది అక్షరము ముక్క రాని అతని భార్య. ఒక రాత్రి మంచము ప్రక్కన కూర్చుండి, "అప్పుడు కోసింది పుండు కాదయ్యా, క్యాన్సరు. అదే ఇప్పుడు కార్జానికి పాకిందంట. కోస్తే గుణమయ్యే దారుందంట. బిడ్డలు నీకు చెప్పలేక చస్తా ఉండారు" అనెను. రెండు దినములు అతడు ఎవరితోను మాటలాడలేదు. మూడవ దినమున మనుమల యొద్దనుండి గొట్టము అడిగి తీసికొనెను. ఆ దినము మొదలుకొని ప్రొద్దున, సాయంత్రము చెరువు కట్టమీద నడుచుచు కనబడుచుండెను. ఎరువుల కొట్టు బాకీ ఎంతో కుమారులకు చెప్పి వ్రాయించెను. పొలము గట్టు తగాదాచేత పదకొండేండ్లుగా మాటలులేని తమ్ముని ఇంటికి తానే వెళ్లెను. అక్కడ ఏమి మాటలాడుకొనిరో నాకు తెలియదు. వారిరువురు కలిసి టీ త్రాగిరని మాత్రము ఊరంతయు చెప్పుకొనెను.

నీటి గడ్డ గలవాడు తమ్ముని ఇంటికి వెళ్లునా?

రాజులు రెండవ గ్రంథము 20వ అధ్యాయములోని హిజ్కియా సంగతి మీరు ఎరిగినదే. యెషయా ప్రవక్త రాజు కుమారులను ప్రక్కకు పిలువలేదు, మంత్రులతో గుసగుసలాడలేదు. రోగి ముఖముననే, ఈ జబ్బు మరణకరమైనదనియు, ఇంటి వ్యవహారములు సరిచూచుకొనవలెననియు చెప్పెను. రాజు గోడతట్టు ముఖము త్రిప్పుకొని, ప్రార్థించి, బహుగా ఏడ్చెను. ఆ కన్నీటి ప్రార్థన నిజము విన్నందువలన పుట్టినది. రాజునకు నీటి గడ్డ అని చెప్పియుంటే ఆయన ఆ ప్రార్థన చేసియుండునా? పదునైదు సంవత్సరముల ఆయుష్షు దొరికిన తరువాత, పుండుమీద అంజూరపు పండ్ల ముద్ద వేయుమని చెప్పినవాడు కూడ ఆ ప్రవక్తయే. ఆపరేషను చేయించుకొనుట అవిశ్వాసమని వాదించు సహోదరులు ఈ చివరి సంగతిని ఎందుచేతనో త్వరత్వరగా దాటిపోవుదురు.

సినిమావారి ప్రస్తావన ఈ పత్రికలో ఏల అని కొందరు ముఖము చిట్లింపవచ్చును. అయినను వ్రాయుదును. నటుడు అక్కినేని నాగేశ్వరరావుగారు 2013 అక్టోబరులో హైదరాబాదున పత్రికలవారిని తానే పిలిచి, తనకు ప్రేగులో క్యాన్సరు వచ్చినదని తన నోటనే చెప్పిరి. ఆయనది కాలేయపు ఆపరేషను కాదు, వయస్సును బహు ముదిరినది. 2014 జనవరి 22న ఆయన మరణించిరి. గాని ఆ కొద్ది నెలలలో తన చివరి చిత్రమైన 'మనం'లో తన పాత్రకు తన గొంతు తానే ఇచ్చి ముగించిరి. ఆ చిత్రము అదే సంవత్సరము మే నెలలో, ఆయన లేనప్పుడు, విడుదలయ్యెను. మిగిలిన కాలము ఎంతో ఎరిగినవాడే తన పనిలో ఏది ముందు ముగింపవలెనో ఏర్పరచుకొనగలడు.

దేశపు చట్టము సైతము ఈ తట్టే యున్నది. ఒక స్త్రీ మత్తులో ఉండగా ఆమె తల్లి అంగీకారము తీసికొని చేసిన ఆపరేషనును గూర్చి 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఈడు వచ్చి, తెలివితో ఉన్న మనిషికి బదులుగా తల్లి అంగీకారము చెల్లదని అందులో తేల్చెను. కుమారులు సంతకము పెట్టినంతమాత్రమున తండ్రి ఒప్పుకొనినట్లు కాదు.

కొందరు ఇంకొక కారణము చెప్పుదురు: తెలిస్తే నాయన పొలము అమ్మనీయడు, వైద్యమే వద్దనును. ఇది నిజమైన కష్టము, దీనిని నేను తేలిక చేయను. అయితే దానికి మందు ఖర్చు సంగతి కూడ ఆయనతో కూర్చుండి మాటలాడుటయే. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు డాక్టర్ ఎన్‌టీఆర్ వైద్య సేవ అను పేరుగల పథకములో అనేక క్యాన్సరు చికిత్సలు కలవు. పొలము బేరము పెట్టకముందే ఆసుపత్రిలో ఆ పథకపు బల్ల యొద్ద విచారింపుడి.

ఇక కోలుకొనుటను గూర్చి. ఆ పెద్దాయనకు మద్రాసులో ఆపరేషను జరిగెను, సుమారు ఆరు గంటలు పట్టెను. ప్రక్కటెముకల క్రింద పొడుగైన కోత, ప్రక్కనుండి వచ్చు గొట్టములో పసుపు కలిసిన నీరు. మరునాడే మంచముమీద కూర్చుండబెట్టిరి, ఆ మరునాడు నిలువబెట్టిరి. ఇంటికి వచ్చినను అన్నము సహింపలేదు, పగలంతయు నిద్ర. రెండు నెలలవరకు నీళ్ల బిందె ఎత్తకూడదనిరి. కాలేయము లోపల పెరుగుచుండగా ఒంటి బలమంతయు ఆ పనికే పోవుచున్నట్లుండునని ముందే విని యుండెను గనుక అతడు భయపడలేదు. "పంట పెరిగేటప్పుడు చేను ఎరువు లాగదా" అని తన భార్యకు తానే సర్దిచెప్పుచుండెను.

ఇక్కడ మన సంఘములు చేయు రెండవ దాపరికమును గూర్చి చెప్పవలెను. మనిషి లేచి నడువగానే కృతజ్ఞతకూటము పెట్టి, సంపూర్ణ స్వస్థత కలిగినదని సాక్ష్యము చెప్పుమని అతనిని నిలువబెట్టుదుము. గాని వాస్తవమేమి? ప్రేగునుండి కాలేయమునకు ప్రాకిన క్యాన్సరునకు ఈ ఆపరేషను అయినవారిలో, మంచి ఆసుపత్రుల లెక్కలనుబట్టి, పదిమందిలో సుమారు నలుగురు అయిదేండ్లు దాటి బ్రదుకుచున్నారు. సగముకంటె ఎక్కువమందికి అది ఎక్కడనో ఒకచోట మరల వచ్చుచున్నది. కొందరికి రెండవసారి కూడ కోసి తీయవచ్చును. అందుచేతనే కొన్ని నెలలకొకసారి రక్త పరీక్ష, స్కానింగు. సాక్ష్యము చెప్పించిన ఆరు నెలలకు మచ్చ మరల కనబడితే, ఆ మనిషి గుడికి వచ్చుటకు సిగ్గుపడును. తన విశ్వాసమే కొరతపడినదని తన్ను తాను నిందించుకొనును. వ్యాధికి తోడు ఆ నిందను అతని తలమీద పెట్టినవారము మనమే గదా.

ఆ పెద్దాయన నిలువబడి చెప్పినది ఇంతే: "నాకు కోసినారు. బాగుండాను, దేవునికి స్తోత్రం. మూణ్ణెల్లకొకసారి చూపించుకోవాలంట. మళ్లా వస్తే రావచ్చంట. ప్రార్థన మానబాకండి." చప్పట్లు లేవు. ఇదేమి సాక్ష్యమని వెనుక వరుసలో కొందరు గొణిగిరి. నేను విన్నవాటిలో అంతకంటె బలమైన సాక్ష్యము నాకు జ్ఞాపకము లేదు.

అందరితోను అన్నియు ఒక్కసారే చెప్పవలెనని నా భావము కాదు. "నాకు చెప్పబాకండి, మా పెద్దోడికి చెప్పండి" అని తానే కోరు రోగి కలడు. ఆ కోరిక ఆయనది, దానిని మన్నింపవలెను. తెలిసికొనుట ఇష్టము లేనివానిని గౌరవించుట వేరు, తెలిసికొనగోరువాని నోరు మూయుట వేరు. కాబట్టి ముందు అడుగుడి: "నీ జబ్బు గురించి డాక్టరుగారు ఏం చెప్పినారో నీకు తెలుసుకోవాలని ఉందా?" ఉన్నదనిన చెప్పుడి. వాకిట నిలువబడి కాదు, నలుగురు బంధువులు వచ్చియున్నప్పుడు కాదు. టీవీ ఆపి, మంచము ప్రక్కన, ఆయన కండ్ల ఎత్తుకు కూర్చుండి చెప్పుడి. వ్యాధి పేరు చెప్పుడి, చేయదగినది చెప్పుడి, తెలియనిది తెలియదనుడి. చెప్పిన వెంటనే లేచి పోకుడి. ఆయన గోడతట్టు తిరిగి పండుకొన్నయెడల ఆలాగే ఉండనియ్యుడి. ఆ రాత్రి మాత్రము ఇంటివారిలో ఒకరు ఆ మంచము ప్రక్కననే చాప వేసికొని పండుకొనవలెను.