సెంటెంత?

ఈమధ్య మా వైపు పలకరింపుల తీరే మారిపోయింది. పూర్వం ఆదోనిలో ఏ పెళ్ళికి వెళ్ళినా పెళ్ళికూతురి నగల గురించో, చీర అంచు గురించో, ఓళిగల్లో నెయ్యి సరిపోయిందా లేదా అనో మాట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు కుర్చీ లాక్కుని కూర్చోగానే పక్కావిడ అడిగే మొదటి మాట, "మీ పక్క సెంటెంతుందక్కా?" అని.

నగల మాట వెనకబడినందుకు నాకేమీ విచారం లేదు. ఆడవాళ్ళు భూమి గురించి మాట్లాడటం మంచిదే. కాని, "ఆ స్థలంలో ఎప్పుడు కడతారు?" అని నేను ఎదురు ప్రశ్న వేస్తే మాత్రం నన్ను వింతగా చూస్తారు. "కట్టడానికా? అట్లే పడుండనీలే అక్కా, పెరుగుతా ఉంటాది" అంటారు. ఉన్నచోట ఉండి పెరిగేది చెట్టొక్కటే అనుకునేదాన్ని. స్థలం కూడా పెరుగుతుందట!

నిజం చెప్పాలంటే స్థలం పెరగదు. ముప్పై అడుగుల వెడల్పు ముప్పై ఏళ్ళ తర్వాత కూడా ముప్పై అడుగులే. పక్కవాడు గోడ కాస్త ఇవతలికి జరిపి కట్టాడంటే ఇంకా తగ్గుతుంది కూడా. పెరిగేది దాని ధర. మరి ఆ ధరను పెంచింది ఎవరు? పెరిగినదంతా ఎవరికి చెందాలి? ఇది రెవెన్యూవాళ్ళు తేల్చవలసిన లెక్కలా కనిపిస్తుంది గాని, నా మటుకు నాకు ఇది ధర్మాధర్మాల ప్రశ్న అనిపిస్తోంది.

ముందు మా ఊళ్ళ సంగతి చెబుతాను. ఆదోని పాత ఊరు. కొండ మీద కోట, కింద షాహీ జామియా మసీదు, పత్తి మార్కెట్టు, జిన్నింగు మిల్లులు, మద్రాసు నుంచి బొంబాయి వెళ్ళే రైలుదారిలో స్టేషను. ఇక్కడి వ్యాపారం చూసి పెద్దవాళ్ళు దీన్ని రెండో బొంబాయి అన్నారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా మాది బళ్ళారి జిల్లాలో తాలూకా. అందుకే మా మాటల్లో కన్నడం ఇప్పటికీ కూరలో ఉప్పులా కలిసి ఉంటుంది. ఇంటి ముందు అరుగును మేం జగిలి అంటాం. మట్టిమిద్దెల రోజుల్లో ప్రతి ఇంటికీ జగిలి ఉండేది. ఎండన పడి వచ్చిన వాళ్ళెవరైనా సరే, ఇంటివాళ్ళను అడక్కుండానే దాని మీద కూర్చుని చెమట తుడుచుకునేవారు. ఇల్లు మనదే, దాని అంచు మాత్రం వీధిది. ఇప్పుడు ఆ చోట కాంపౌండు గోడ లేచింది, గేటుకు కుక్క బొమ్మ బోర్డు వేలాడుతోంది.

ఆదోని నుంచి బస్సెక్కితే గంటలోపు ఎమ్మిగనూరు. రైలు లేని ఊరు, మగ్గాలున్న ఊరు. 2001 జనాభా లెక్కల్లో డెబ్బై ఆరు వేల చిల్లర ఉన్న ఈ పట్టణం 2011 నాటికి తొంభై ఐదు వేలు దాటింది. అంటే పదేళ్ళలో ఇంచుమించు నాలుగోవంతు పెరిగిందన్నమాట. ఆదోని అప్పటికే లక్షా అరవై ఆరు వేలు. రెండూ ఒకదానివైపు ఒకటి చేతులు చాపుతున్నట్టుగా రోడ్డుకు ఇరుపక్కలా లేఅవుట్లు వేసుకుంటూ పోతున్నాయి. పత్తి, జొన్న పండిన నల్లరేగడిలో ఇవాళ సున్నం కొట్టిన హద్దురాళ్ళు వరసగా మొలుస్తున్నాయి. బస్సు కిటికీలోంచి చూస్తే చేను దున్ని రాళ్ళు నాటారా అనిపిస్తుంది. వాటిల్లో చాలావాటి మధ్య ఏళ్ళ తరబడి ఇల్లు లేవదు. కంపచెట్లు లేస్తాయి. ఊళ్ళోనేమో అద్దె ఇల్లు దొరకదు!

ఇది చదివి మీలో ఎవరైనా నొచ్చుకుంటారేమో. "ఏదో కడుపు కట్టుకుని, చీటీ పాడుకుని రెండు సెంట్లు కొనుక్కుంటే మేం పాపం చేసినట్టా?" అంటారేమో. కానే కాదు. ఆడదాని చేతిలో ఉన్న బంగారం ఎప్పుడు తాకట్టుకు పోతుందో దానికే తెలియదు. బ్యాంకులో డబ్బు ఎవరి అవసరానికి కరిగిపోతుందో తెలియదు. తన పేరు మీద ఉన్న స్థలాన్ని మాత్రం తన సంతకం లేనిదే ఎవరూ అమ్మలేరు. ఆ సంతకం విలువ మనకు ఊరికే రాలేదు. మన రాష్ట్రంలో 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చారు. దేశమంతటా ఆ హక్కు రావడానికి 2005 దాకా ఆగవలసి వచ్చింది. అందుచేత ఆడవాళ్ళు నేల కొనడాన్ని నేను తప్పు పట్టను. నా పేరు మీద కూడా ఎమ్మిగనూరు దారిలో ఐదు సెంట్లున్నాయి. నా ప్రశ్నల్లా కొన్న తర్వాత సంగతి.

నేను బి.ఏ.లో ఎకనామిక్స్ చదివాను. చదివినదాంట్లో ముప్పాతిక వంతు మరిచిపోయినా హెన్రీ జార్జ్ అనే అమెరికన్ పత్రికా రచయిత మాత్రం గుర్తుండిపోయాడు. 1879లో 'ప్రోగ్రెస్ అండ్ పావర్టీ' అనే పుస్తకం రాశాడాయన. నువ్వు కట్టిన ఇల్లు నీది, నువ్వు పండించిన గింజ నీది, అందులో ఎవరికీ వాటా లేదు; కాని వట్టి నేలకు వచ్చే విలువ మాత్రం చుట్టూ ఉన్న సమాజం తెచ్చింది కాబట్టి అది పన్ను రూపంలో సమాజానికే తిరిగి రావాలి అన్నాడు.

ఆయన మాట నచ్చిన ఎలిజబెత్ మేగీ అనే ఆవిడ, ఈ సంగతి జనానికి తేలిగ్గా అర్థం కావాలని ఒక ఆట తయారు చేసి 1904లో పేటెంటు తీసుకుంది. స్థలాలన్నీ ఒకరి చేతిలో పడితే మిగతావాళ్ళ గతి ఏమవుతుందో ఆ ఆటలో తెలుస్తుంది. ఆ ఆటే తర్వాత రూపం మార్చుకుని 'మోనోపలీ' అయింది. మన పిల్లలు వేసవి సెలవుల్లో ఆడే 'బిజినెస్' ఆట దాని చెల్లెలే. చిత్రం చూడండి! హెచ్చరికగా పుట్టిన ఆట కాస్తా సరదా అయిపోయింది. అవతలివాడు దివాలా తీస్తే మన పిల్లవాడు చప్పట్లు కొడతాడు. మనం వంటింట్లోంచి "గెలిచావా నాన్నా!" అంటాం.

పెద్దవాళ్ళ ఆటలో అయితే దివాలా తీసినవాడు కళ్ళకు కనబడడు. అదొక్కటే తేడా.

నా ఐదు సెంట్ల సంగతే చూడండి. కొన్నప్పటికన్నా ఇప్పుడు దాని ధర బాగా పెరిగింది. నేను చేసిందేమిటి? ఏడాదికోసారి వెళ్ళి రాళ్ళు కదిలాయా అని చూసి రావడం. అక్కడికి రోడ్డు వేసింది మేం కాదు. దగ్గర్లో ఇళ్ళు కట్టుకుని, దోమలతో, చీకటితో తంటాలు పడి, కరెంటు స్తంభాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగింది వేరేవాళ్ళు. ఇక నీళ్ళంటారా, మా రెండు ఊళ్ళ బతుకూ తుంగభద్ర చేతిలోనే ఉంది. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాము పందొమ్మిదో గేటు కొట్టుకుపోయిన రోజు మా ఇళ్ళలో ఎవరూ సెంటు ధర అడగలేదు. కాలువకు నీళ్ళొస్తాయా అనే అడిగారు. నీళ్ళు లేని నాడు నా ఐదు సెంట్లకు విలువెంత? అంటే ఆ ధరలో డ్యాము కట్టిన కూలీల చెమట ఉంది, కాలువ గట్టున కాపలా ఉండే లస్కరు నిద్ర ఉంది. నా వాటా మాత్రం ఓపిక పట్టడం ఒక్కటే.

ఆ ఓపిక ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారో కూడా చూడాలి గదా. ఎమ్మిగనూరులో గుంత మగ్గం మీద నేసేవాళ్ళకు ఇల్లంటే పడుకునే చోటు మాత్రమే కాదు. ఇంట్లో నేల తవ్వి గుంత చేసి, అందులో కాళ్ళు పెట్టుకుని నేయాలి. అద్దె ఇంటి యజమాని గుంత తవ్వనిస్తాడా? "బండలు పగులుతాయి, కుదరదు" అంటాడు. సొంత నేల లేకపోతే ఆ పని లేదు, పని లేకపోతే సొంత నేల కొనే దారి లేదు. ఈ ముడి మాచాని సోమప్పగారికి ఏనాడో అర్థమైంది. 1938లో ఎమ్మిగనూరులో నేతగాళ్ళ సహకార సంఘం పెట్టిన మనిషి ఆయన. ఆ సంఘం నూలు ఇచ్చి బట్ట కొనడంతో ఊరుకోకుండా నేతగాళ్ళకు కాలనీ కూడా కట్టించింది. 1954లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. మనిషికి ఇల్లు చూపిస్తే పని దానంతటదే నిలబడుతుందని తెలిసినవాడు.

ఇంకొకరున్నారు. మా పడమటి పల్లెల్లో సుగ్గి అనే మాట ఉంది. ఊళ్ళో పని లేనప్పుడు మూటాముల్లె సర్దుకుని, పిల్లల్ని బడి మాన్పించి, గుంటూరు వైపు మిరపకాయల కోతకో, బెంగుళూరులో మేడల పనికో పోవడం. ఇంటికి తాళం, తాళానికి ముసలవ్వ కాపలా. కోసిగి వైపు నుంచి బెంగుళూరుకు సుగ్గికి పోయి వచ్చిన ఒకామెను, "అక్కడ ఎక్కడ ఉంటారమ్మా?" అని అడిగాను. "కట్టే ఇంట్లోనే తల్లీ. వాకిలి బిగించేదాంక ఆ ఇల్లు మాదే. బిగిస్తే మేం బయటికి" అంది. ఆమె గొంతులో ఫిర్యాదు లేదు, ఆ పని పద్ధతి చెప్పింది, అంతే. ఆ మేడల్లో కొన్నింటికి వాకిలి బిగించాక తాళమే పడుతుంది, ధర పెరగాలి కాబట్టి. ఊళ్ళో ఆమె గుడిసెకూ తాళమే. రెండు తాళాల మధ్య ఆమె సంసారం.

ప్రభుత్వం ఏమీ చెయ్యలేదని అనను. 2020 డిసెంబరు 25న మొదలుపెట్టి పేదలకు ఇళ్ళ పట్టాలు పంచారు. పట్టణంలో సెంటు, పల్లెలో సెంటున్నర. టిడ్కో ఇళ్ళని అంతస్తుల మేడలు కూడా మా రెండు ఊళ్ళలోనూ లేపారు. కాని ఊరికి దగ్గరి నేల ఇంత ధర పలికితే ప్రభుత్వమైనా దూరంగా పోక ఏం చేస్తుంది? ఆ దూరం నుంచి పనికి రావడానికి ఆటో ఖర్చు ఎవరిది? మనం "అట్లే పడుండనీ" అన్న సెంట్లన్నీ మధ్యలో ఉన్నాయి. వాళ్ళ సెంట్లు వాటిని దాటుకుని అవతల ఉన్నాయి.

ఈమధ్య నా ఐదు సెంట్లను ఒక నేతగాళ్ళ కుటుంబం అడిగింది. అన్నదమ్ములిద్దరు, రెండు మగ్గాలు. నేటి ధరకే కొంటామన్నారు, బ్యాంకు అప్పు తెచ్చుకుంటారట. దానం అడగలేదు, బేరం కూడా గట్టిగా చెయ్యలేదు. మా అమ్మాయి, "రెండేళ్ళు ఆగమ్మా, బైపాసు పడితే రెట్టింపవుతుంది" అంటోంది. దాని మాటలో తప్పు లేదు, ఆ డబ్బు రేపు దాని పిల్లల చదువులకే. మావారు, "నువ్వొక్కదానివి ఇచ్చేస్తే ఎమ్మిగనూరులో నేతగాళ్ళందరికీ ఇళ్ళొస్తాయా?" అన్నారు. రావు. ఒక ఇంటికి వస్తుంది. నేను ఆగితే ఆ ఒక్క ఇల్లు కూడా రాదు. ఊరంతటి అన్యాయాన్ని నేను సరిదిద్దలేనని చెప్పి, నా చేతిలో ఉన్న ఐదు సెంట్ల న్యాయం మానుకోవడం ఏం తర్కమో నాకు బోధపడలేదు.

అందరూ స్థలాలు అమ్మెయ్యండని చెప్పడానికి నేనెవరిని? ఉన్న ఒక్క స్థలమే కొండంత ధైర్యంగా బతికే ఒంటరి ఆడవాళ్ళున్నారు. వాళ్ళ జోలికి ఎవరూ వెళ్ళకూడదు. రెండోది, మూడోది ఉన్నవాళ్ళం కాస్త ఆలోచించాలి. కట్టగలిగితే కట్టి అద్దెకివ్వచ్చు, ఆ అద్దెకు వచ్చేవాళ్ళ కులం, కూర అడక్కుండా. కట్టలేకపోతే కట్టుకునేవాళ్ళకు ఇవ్వచ్చు. లేఅవుటులో పార్కుకని వదిలిన పదోవంతు జాగాలోకి మన మెట్లు జరపకుండా ఉండొచ్చు. కొన్న ధరను కాగితంలో ఉన్నదున్నట్టు రాయొచ్చు. ఇవేవీ త్యాగాలు కావు. పొరుగు మర్యాదలు.

మావారు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. కాని నిన్న భోజనాల దగ్గర, "ఆ అన్నదమ్ములు మగ్గాలు ఏ మూల పెట్టుకుంటారట?" అని అడిగారు. తూర్పు వైపు కిటికీ పెట్టుకుంటే పొద్దున వెలుతురు బాగా వస్తుందని వాళ్ళు చెప్పిన మాటే చెప్పాను. ఆయన ఏమీ అనకుండా మజ్జిగ పోసుకున్నారు.