అద్దం అవతల

ఆదివారం టిఫిన్‌కి బంజారాహిల్స్‌లో ఏ ఖరీదైన హోటల్‌కి వెళ్ళినా దోసె పోసే మనిషి గాజు అద్దంలోంచి కనబడతాడు. ప్లేట్లు కడిగేవాళ్ళు కనబడరు. బెంగళూరులో 1924లో మొదలైన ఎంటీఆర్‌కి కూడా వంటగదిని కస్టమర్లకి చూపిస్తుందని పేరు. కానీ ఆ చూపు శుభ్రత కోసం, అంటే మన కడుపు కోసం. వండినవాడు తిన్నాడా అన్నది అందులో రాదు.

నేతి దోసెకి మూడొందలు తీసుకున్నా నాకు పేచీ లేదు (అల్లప్పచ్చడి బావుంటే మరీనూ). చిక్కంతా బిల్లు దగ్గర. సర్వీస్ చార్జి తీసెయ్యమనే హక్కు 2022 జులై మార్గదర్శకాలు మనకిచ్చాయి. న్యాయమే, ఆ డబ్బు వడ్డించినవాడికి చేరుతుందని బిల్లు మీద ఎక్కడా రాసుండదు. అయితే తీయించేశాక, అతనికి మన బాకీ కూడా తీరినట్టేనా? నాకలా అనిపించదు. యజమానితో లెక్క వేరు, అతనితో లెక్క వేరు. ఆ రెండోదానికి చిల్లర కావాలి. మన జేబుల్లో ఇప్పుడు ఫోన్ తప్ప ఏముంటోంది?