ఇవ్వనిది తీసుకోవడం

పంచశీలలో రెండోదాన్ని మనలో చాలామంది దొంగతనం అనుకొని దాటిపోతారు. అదిన్నాదానం అంటే ఇవ్వనిది తీసుకోవడం. తాళం పగలగొడితేనే తీసుకున్నట్టా? మనిషి రక్తం, ఎక్స్‌రే, తడబడే నడక, మతిమరుపు, ఇవి కూడా ఆ మనిషివే గదా!

పెద్దారవీడు, మార్కాపురం వైపు బోరు నీళ్ల సంగతి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగితే వెన్నులో ఎముక పెరిగి, వెన్నుపాము ఉండే దారి ఇరుకైపోతుంది. నరాలు నలిగి కాళ్లు పడిపోతాయి. 1937లోనే షార్ట్ అనే డాక్టరు, మరి కొందరు వైద్యులు అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ జబ్బును పరిశీలించి వైద్య పత్రికలో రాశారు. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు ఆ జిల్లాలోవే. ఆ పరిశోధన వద్దనే మాట నేననను. అది లేకపోతే వంగిన నడుముకి పూర్వజన్మ కర్మే కారణమని ఇంకా చెప్తుండేవాళ్లు. కాకపోతే జబ్బు కబురు మద్రాసు చేరినంత తొందరగా మంచినీళ్లు మన పల్లెలకు చేరలేదు. ఇన్నేళ్ల తర్వాతా ట్యాంకరు దగ్గర బిందెలు వరసపెడుతూనే ఉన్నాం.

ఇవ్వడం అంటే తెలిసి ఇవ్వడం. 2009లో ఖమ్మం జిల్లాలో సుమారు 14,000 మంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. చాలామంది ఆదివాసీ, దళిత పిల్లలు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. కొందరు పిల్లలు చనిపోయారు. దానికి టీకా కారణం కాకపోవచ్చని విచారణ కమిటీ అన్నది. నేను ఆ చర్చలోకి పోను. పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 హాస్టల్ వార్డెన్లు సంతకం పెట్టినవి. అమ్మానాన్నలు ఊళ్లో బతికే ఉన్నారు!

ఆ పిల్లలకన్నా నోరు ఉంది. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్లు, మూర్ఛ నుంచి అప్పుడే తేరుకుంటున్నవాళ్లు, కొడుకు పేరే మరిచిన ముసలమ్మ ఏమివ్వగలరు? చదవలేని మనిషికి సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలని 2019 నాటి ఔషధ ప్రయోగాల నిబంధనలు చెప్తున్నాయి. సమ్మతి ఇవ్వలేనివారి తరఫున చట్టం ఒప్పుకునే ప్రతినిధి సంతకం చేయొచ్చు. ఇక్కడే నాకు వినయ పిటకంలోని గగ్గ భిక్షువు గుర్తొస్తాడు. మతి చలించినప్పుడు అతను చేసినవాటిని కొందరు భిక్షువులు తర్వాత తప్పుపట్టారు. ఆ స్థితిలో చేసినవాటికి అతణ్ణి బాధ్యుణ్ణి చేయకుండా బుద్ధుడు దారి చూపాడు. మతి లేనప్పటి పని మనిషిని తప్పుకు కట్టెయ్యకూడదంటే, అప్పటి వేలిముద్ర ఇంకొకరి లాభానికి ఎలా కట్టేస్తుంది? గగ్గుణ్ణి సంఘం నుంచి వెళ్లగొట్టలేదు. అతని సంగతి సంఘం మధ్యనే, అందరి ముందూ తేల్చారు. మూల కూర్చున్న కొడుకు, డాక్టరు తేల్చుకున్నట్టు కాదు.

మా వీధిలో పక్షవాతం వచ్చిన పెద్దాయన ఒకరున్నారు. ఏదో పరిశోధన అని కాగితం తెచ్చారు. "నాన్నకేం తెలుస్తదిలే సార్, ఇటివ్వండి" అని కొడుకు పెన్ను తీశాడు. పెద్దాయన పనిచేసే ఎడమచెయ్యి ఎత్తి కాగితం మీద అడ్డంగా పెట్టాడు. ఆ కుర్ర డాక్టరు మంచోడే, కుర్చీ దగ్గరికి జరుపుకొని తెలుగులో మొదట్నుంచీ చదివాడు. అయిపోయాక కూడా పెద్దాయన చెయ్యి తియ్యలేదు. "సరే తాతా, వద్దులే" అని డాక్టరు కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు.