జన్మపాపం, మానవ సంకల్పం

మనిషి స్వభావతః మంచివాడా, లేక చెడువైపు మొగ్గు అతనితోనే పుడుతుందా అన్న ప్రశ్న క్రైస్తవ మత చరిత్రలో 5వ శతాబ్ది ఆరంభాన తీవ్ర వివాదమైంది. బ్రిటన్ నుంచి రోముకు వచ్చిన పెలాజియస్ అనే తపస్వి, దేవుడు ఆజ్ఞ ఇచ్చాడంటే దాన్ని పాటించే శక్తినీ ఇచ్చే ఉంటాడని, ఆదాము చేసిన తప్పు అతని సంతతికి వారసత్వంగా రాదని బోధించాడు. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగర బిషప్ అగస్టీన్ ఇందుకు అంగీకరించలేదు. 16 ఏళ్ల వయసులో, తమ ద్రాక్షతోట పక్కనున్న చెట్టు నుంచి స్నేహితులతో కలిసి రాత్రివేళ బేరిపండ్లు దొంగిలించిన సంగతిని ఆయన తన ఆత్మకథలో వివరించాడు. అంతకంటే మేలైన పండ్లు తనకు ఉన్నా, కోసినవాటిని పందులకు విసిరేసినా, చేయకూడనిది చేయడంలోని ఆనందమే ఆ పనికి పురికొల్పిందని ఒప్పుకున్నాడు. ఇలా వంకరపోయిన సంకల్పం దైవకృప, అంటే అర్హతతో నిమిత్తం లేకుండా దేవుడు అందించే తోడ్పాటు, లేనిదే మంచిని కోరలేదని ఆయన వాదించాడు. ఆదాము నుంచి సంక్రమించిందని చెప్పే ఈ స్థితికే జన్మపాపమని పేరు.

418లో కార్తేజ్ సభ పెలాజియస్ బోధను ఖండించింది. అయినా, స్వేచ్ఛ లేనిచోట నేరం ఎలా ఉంటుందన్న ప్రశ్నకు బలం తగ్గలేదు. మనసు తనను తాను మోసగించుకునే తీరును పట్టుకోవడంలో అగస్టీన్ చూపు తిరుగులేనిదే గాని, ఏమీ ఎరుగని పసికందుపై దోషం మోపడం న్యాయబుద్ధికి మింగుడుపడదు. తూర్పు ఆర్థడాక్స్ సంప్రదాయం ఆదాము నుంచి మరణం సంక్రమించిందని నమ్ముతుంది గాని, అతని దోషం ప్రతి శిశువుకూ అంటుతుందని అంగీకరించదు.