పూటవేటలో హింస ఎవరిది?

ఆకలి తీర్చుకోవడానికి చేపను చంపడానికీ, సరదా తీర్చుకోవడానికి చంపడానికీ ధర్మదృష్టిలో తేడా ఉన్నదా, ఉంటే ఆ తేడా చచ్చే చేపకు సంబంధించినదా, చంపే మనిషికి సంబంధించినదా అన్న ప్రశ్న భారతీయ చింతనకు కొత్తది కాదు. అయితే దానిని కొత్త రూపంలో ముందుకు తెస్తున్న అలవాటు ఒకటి ఇప్పుడు వ్యాపించింది. సెలవుల్లో సముద్రతీరానికి వెళ్ళినవారు ఒక పడవను, దానితోపాటు సరంగును, గాలాలను, ఎరను ఒక పూటకు అద్దెకు మాట్లాడుకొని, ఒడ్డుకు మరీ దూరం పోకుండానే ఉప్పునీటిలో గాలం వేసి, నాలుగైదు గంటల్లో తిరిగివచ్చే విహారం అండమాన్ దీవుల్లోనూ గోవాలోనూ వ్యాపారంగా స్థిరపడింది. ఈ వ్యాసం వరకు దానిని పూటవేట అని పిలవవచ్చు. ఆ నాలుగైదు గంటలకు డబ్బు చెల్లించినవారికి చేపల కూర అవసరం లేదు. ఆ డబ్బుతో బజారులో వంజరమో చందువాయో ఇంకా ఎక్కువే వస్తుంది. వారు కొనుక్కుంటున్నది చేపను కాదు, చేపను పట్టే అనుభవాన్ని.

సముద్రం ఆనవాలే లేని బిలాస్‌పూర్ నుంచి ఈ ప్రశ్నను పరిశీలించడం విడ్డూరంగా తోచవచ్చు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఛత్తీస్‌గఢ్ మైదానం మీదుగా దారి వేసుకున్న తరువాత, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి రైలు కొలువులకు వలసవచ్చిన తెలుగు కుటుంబాలు ఈ ఊరి రైల్వే కాలనీల్లో తరాలుగా కుదురుకున్నాయి. ఇప్పుడు ఆగ్నేయ మధ్య రైల్వే మండలానికి కేంద్రమైన ఈ ఊరి మీదుగా కోర్బా–విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ నడుస్తుంది గనుక, రైల్వే పాసు మీద సముద్రానికి పోయిరావడం ఆ కుటుంబాలకు కష్టమైన పని కాదు. అయినా బిలాస్‌పూర్‌ను ఎన్నుకోవడానికి అసలు కారణం వేరు. ఈ ఊరికి పేరు ఇచ్చినది బిలాసా అనే కేవటు స్త్రీ, అంటే చేపలు పట్టి, పడవ నడిపి బతికే కులానికి చెందిన మహిళ అని జనశ్రుతి. ఊరి పక్కన పారే అర్పా నది ఒడ్డున ఆమె కథ ఇప్పటికీ చెప్పుకుంటారు, ఊరి విమానాశ్రయానికీ ఆమె పేరే పెట్టారు. అదే ఊరిలోని కేంద్రీయ విశ్వవిద్యాలయం పేరు మాత్రం గురు ఘాసీదాస్‌ది. సత్‌నామ్ పంథాన్ని స్థాపించిన ఆయన తన అనుయాయులకు మాంసాన్నీ మద్యాన్నీ నిషేధించాడు. చేపలు పట్టిన స్త్రీనీ, చేపను ముట్టవద్దన్న గురువునూ ఒకే ఊరు గౌరవిస్తున్నదంటే, ఆ ఊరి మనస్సులో జీవహింసకు ఒకే కొలబద్ద లేదనే అర్థం.

వేట గురించి సంస్కృత గ్రంథాలు రెండు నాలుకలతో మాట్లాడతాయి, ఆ రెండూ వినదగినవే. మనుస్మృతి ఏడవ అధ్యాయం రాజు కోరికల వల్ల పుట్టే వ్యసనాలను, అంటే మనిషిని పట్టి వదలని చెడు అలవాట్లను, పదింటిని లెక్కపెట్టి అందులో మృగయను, అనగా వేటను, మొదట చేర్చింది. పనిలేని తిరుగుళ్ళనూ అదే జాబితాలో చివర పెట్టింది. పూటవేట ఆ జాబితాలో మొదటిదానినీ చివరిదానినీ ఒకే టిక్కెట్టు మీద కలిపి ఇస్తున్నదని చమత్కరించవచ్చు. దీనికి విరుద్ధంగా కౌటిల్యుడు అర్థశాస్త్రం ఎనిమిదవ అధికరణంలో, జూదం కంటే వేట చెడ్డదన్న పిశునుడనే ఆచార్యుని మాటను ఖండించి, వేటకు గుణాలు చూపించాడు: శరీరానికి వ్యాయామం కలుగుతుంది, కఫం, పిత్తం, కొవ్వు, చెమట కరుగుతాయి, కదిలే గురినీ నిలిచిన గురినీ కొట్టే అభ్యాసం వస్తుంది, కోపంలోనూ భయంలోనూ మృగాల చిత్తం ఎలా ఉంటుందో తెలుస్తుంది. ఈ సమర్థనలో పాపపుణ్యాల ప్రస్తావన లేకపోవడం గమనించదగినది. వేట మంచిదా చెడ్డదా అని కాక, వేటాడినవాడికి ఏమి మిగులుతుందని మాత్రమే ఆ రాజనీతిజ్ఞుడు అడిగాడు. ఆ కొలతతోనే చూసినా పూటవేటకు మార్కులు తక్కువే పడతాయి. మర పడవను తోస్తుంది, చేపలుండే చోటు సరంగుకు తెలుసు, ఎర గుచ్చేది పడవ మీద పనివాడు, పడ్డ చేపను గాలం నుంచి విడదీసేదీ అతడే. అతిథికి మిగిలే వ్యాయామం చక్రం తిప్పడం మాత్రమే.

కాళిదాసు ఈ రెండు నాలుకలనూ ఒకే నాటకంలో వినిపించాడు. అభిజ్ఞాన శాకుంతలం రెండవ అంకంలో దుష్యంతుని సేనాపతి, వేటను వ్యసనమనడం వట్టిమాట, అంతటి వినోదం మరెక్కడుంటుందని రాజును పొగుడుతాడు. ఆరవ అంకం ఆరంభంలో రాజభటులు ఒక బెస్తవాడిని ఉంగరం దొంగిలించాడని పట్టుకొని, చేపలు పట్టి బతుకుతున్నానన్నందుకు వాని జీవనం ఎంత పవిత్రమో అని ఎగతాళి చేస్తారు. వాడు తలవంచక, నిందపడినదైనా పుట్టుకతో వచ్చిన పనిని విడువరాదనీ, దయతో మెత్తబడిన మనస్సుగల శ్రోత్రియుడు కూడా యజ్ఞంలో పశువును చంపేటప్పుడు కఠినుడే అవుతాడనీ బదులిస్తాడు. రాజు సరదాకు చంపితే పొగడ్త, బెస్త పొట్టకోసం చంపితే వెక్కిరింత. కవి తీర్పు చెప్పలేదు గాని, రాజు పోగొట్టుకున్న జ్ఞాపకం తిరిగి దొరికినది ఆ బెస్తవాడు కోసిన చేప కడుపులోనే కావడం ఊరకే జరిగిన ఏర్పాటని అనుకోవడం కష్టం.

చేపవేటను రాజవినోదంగా శాస్త్రీకరించిన గ్రంథమూ ఒకటి ఉన్నది. నేటి తెలంగాణలోని విస్తార భాగాన్నీ ఏలిన కల్యాణి చాళుక్యుల వంశంలో 1126 నుంచి 1138 వరకు రాజ్యం చేసిన మూడవ సోమేశ్వరుడు తన మానసోల్లాసంలో, మల్లయుద్ధం, కోడిపందెం, జంతువేట వంటి వినోదాల వరుసలో మత్స్యవినోదానికి కూడా ఒక ప్రకరణం కేటాయించి, సముద్రపు చేపలనూ నదుల చేపలనూ వేరుచేసి, ఏ చేపకు ఏ మేత వేయాలో, గాలాన్ని ఎలా వాడాలో వివరించాడు. అందులో కనిపించే శ్రద్ధ నిజమైనది. చేప ఏమి తింటుందో, ఎక్కడ తిరుగుతుందో అంత ఓపికగా చూసినవాడిని క్రూరుడని ఒక్క మాటతో తోసిపుచ్చలేము. గాలపువేటను ధ్యానానికి దగ్గరి పనిగా వర్ణించిన ఇంగ్లీషు రచయిత ఐజాక్ వాల్టన్ పుస్తకం దీని తరువాత ఐదు శతాబ్దాలకు, 1653లో వెలువడింది. నీటి వంక చూస్తూ మౌనంగా కూర్చోవడంలో చిత్తం నిలకడ పొందుతుందన్నది ఈ పక్షం వారి బలమైన వాదం. అయితే గాలం లేకుండా నీటి వంక చూస్తే ఆ నిలకడ ఎందుకు రాదన్న ప్రశ్నకు ఆ వాదంలో జవాబు దొరకదు.

హింసను దాని ఫలితాన్ని బట్టి కాక, దానికి మూలమైన చిత్తవృత్తిని బట్టి విడదీసి చూసినవారు జైనులు. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం ప్రమాదంతో, అంటే రాగద్వేషాలకు లోబడిన అజాగ్రత్తతో, ప్రాణాలను వియోగపరచడమే హింస అని నిర్వచించింది. తరువాతి జైనాచార్యులు గృహస్థుల కోసం దానిని నాలుగుగా విభజించారు. వంటా, ఇంటి పనుల్లో తప్పక జరిగేది ఆరంభి. వ్యవసాయం వంటి వృత్తుల్లో జరిగేది ఉద్యోగి. ఆత్మరక్షణలో జరిగేది విరోధి. చంపాలన్న తలంపుతోనే చేసేది సంకల్పి. మొదటి మూడింటినీ గృహస్థు వీలైనంత తగ్గించుకోవాలి, నాలుగవదానిని పూర్తిగా మానాలి. చేపలు పట్టే వృత్తిని జైనమతం ఏ రూపంలోనూ ఒప్పుకోదు గాని, ఆ విభజనను అరువు తెచ్చుకొని చూస్తే పూటవేట సంకల్పి కిందికే వస్తుందనడంలో సందేహం లేదు. అక్కడ ఇంటి అవసరమూ లేదు, వృత్తీ లేదు, ప్రాణభయమూ లేదు.

ఇక్కడే ఈ కాలపు ఒక సంస్కారం అడ్డువచ్చి, తనకు మినహాయింపు కావాలంటుంది. పట్టిన చేపను ఫొటో తీసుకొని తిరిగి నీటిలో విడిచిపెట్టడం చాలా దేశాల్లో దయగల వేటగాని లక్షణంగా చెలామణి అవుతున్నది. బౌద్ధ వ్యాఖ్యాతలు ప్రాణాతిపాతానికి, అంటే ప్రాణం తీయడమనే దోషానికి, ఐదు అంగాలు చెప్పారు: ప్రాణి ఉండాలి, అది ప్రాణి అని తెలియాలి, చంపే తలంపు ఉండాలి, ప్రయత్నం జరగాలి, దానివల్ల ప్రాణం పోవాలి. ఆ లెక్కన విడిచిపెట్టినవాడికి మూడవ, ఐదవ అంగాలు లేవు గనుక అతడు చంపినవాడు కాడు. అయితే బాధించినవాడు కాకుండా పోడు. 2003లో లిన్ స్నెడ్డన్, ఆమె సహచరులు రెయిన్‌బో ట్రౌట్ అనే చేపల పెదవుల్లోకి తేనెటీగ విషాన్నో ఎసిటిక్ ఆమ్లాన్నో ఎక్కించినప్పుడు అవి మేత మానడమూ, కొన్ని తమ పెదవులను అడుగునున్న గులకరాళ్ళకు రుద్దుకోవడమూ కనిపించింది. చేప మెదడులో బాధను అనుభవించే భాగమే లేదని 2016లో బ్రయన్ కీ వాదించాడు, వివాదం ముగియలేదు. కాని వివాదం ముగియనంత కాలం అనుమానపు లాభం ఎవరికి చెందాలన్నది విజ్ఞానశాస్త్రం తేల్చే సంగతి కాదు. పైగా లోతునుంచి వేగంగా పైకి లాగిన చేప గాలితిత్తి ఉబ్బి, విడిచినా కిందికి ఈదలేక చచ్చిపోవచ్చు.

అందుకే తినడానికి పట్టడం కంటే విడవడానికి పట్టడమే సమర్థించడానికి కష్టమైనదని చెప్పవలసి వస్తుంది, మొదట ఇది తలకిందుల మాటగా వినబడినా. తినేవాడు చేప బాధకు ఒక కారణం చూపగలడు, అది చాలినదా కాదా అన్నది వేరే చర్చ; విడిచిపెట్టేవాడు ఆ బాధను తన సరదా తప్ప మరొక కారణం లేకుండా కల్పించి, ఆపైన దయను కూడా తన ఖాతాలో జమవేసుకుంటున్నాడు. స్విట్జర్లాండ్ చట్టం విడిచే ఉద్దేశంతోనే చేపలు పట్టడాన్ని నిషేధించడం ఈ తర్కం వల్లనే. మన దేశపు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం మనిషి కాని ప్రతి ప్రాణినీ జంతువుగానే నిర్వచించి, ఆహారం కోసం చంపడాన్ని, అనవసరమైన బాధ కలిగించనంత వరకు, శిక్షనుంచి మినహాయించింది. సరదా అన్నది ఆ మినహాయింపుల్లో లేదు.

వినోదం కోసం చంపడాన్ని వదులుకున్నానని స్వయంగా ప్రకటించిన చక్రవర్తి శాసనం తెలుగునేల మీదనే, కర్నూలు జిల్లా ఎర్రగుడి రాళ్ళ మీద ఉన్నది. పూర్వపు రాజులు వేటతో కూడిన విహారయాత్రలకు వెళ్ళేవారనీ, తాను పట్టాభిషేకమైన పదవ ఏట వాటి స్థానంలో ధర్మయాత్ర మొదలుపెట్టాననీ అశోకుడు అక్కడి ఎనిమిదవ శాసనంలో చెప్పుకున్నాడు. ఇరవయ్యారవ ఏట వేయించిన ఐదవ స్తంభశాసనంలో కొన్ని తిథుల్లో చేపలను చంపరాదనీ అమ్మరాదనీ కట్టడి చేశాడు, అంటే బెస్తల వృత్తిని రద్దు చేయకుండా దానికి హద్దులు గీశాడు. తన వినోదాన్ని పూర్తిగా మానుకొని, ఇతరుల జీవనానికి మాత్రం విరామదినాలు పెట్టిన ఆ విచక్షణ పాలకునికి తగినది.

విశాఖ తీరాన జాలరులకూ వాడబలిజలకూ సముద్రం గంగమ్మ తల్లి. ఆమెకు మొక్కుకొని వేటకు పోతారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పుతీరంలో మరపడవల వేటకు ప్రభుత్వం విధించే విరామం చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని కాపాడడానికి ఉద్దేశించినది. మొక్కు ఒక హద్దు, విరామం మరొక హద్దు. మహాభారత అరణ్యపర్వంలోని ధర్మవ్యాధుడు, మిథిలలో మాంసం అమ్ముతూ కౌశికుడనే బ్రాహ్మణునికి ధర్మం బోధించినవాడు, తన పని ఘోరమైనదని ముందే ఒప్పుకుంటాడు. నాగలి సాలులోనూ నడిచే అడుగు కిందా ప్రాణులు చస్తున్నాయనీ, హింస లేని బతుకు లోకంలో లేదనీ అంటాడు. ఈ వాక్యాన్ని పూటవేటగాళ్ళు తమకు అనుకూలంగా వాడుకునే ప్రమాదం ఉన్నది. అయితే ఆ వ్యాధుడు తాను స్వయంగా జంతువులను చంపననీ, మాంసం తినననీ కూడా చెబుతాడు. హింస తప్పనిదని చెప్పినవాడే తన వంతును తగ్గించుకున్నాడు. తప్పనిదని చెప్పి పెంచుకోవడం అతని బోధ కాదు.

ఇక అద్దెపడవ మీద జరిగిన హింస ఎవరిదన్న లెక్క మిగిలింది. మనుస్మృతి ఐదవ అధ్యాయం అనుమతించినవాడు, నరికినవాడు, చంపినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు అని ఎనిమిది మందినీ ఘాతకులుగానే ఎంచింది. పూటవేటలో ఈ పంపకం తలకిందులై, ప్రతివాడూ తన వాటాను పక్కవాడి మీదికి నెట్టగలుగుతాడు: ఎర గుచ్చినదీ చేప తలమీద కొట్టినదీ తాను కాదని అతిథి అంటాడు, డబ్బిచ్చి అడిగినవాడు అతిథి అని పనివాడు అంటాడు. పైన చెప్పిన విభజనను బట్టి చూస్తే పనివాడిది ఉద్యోగి హింస, ఇంటికి బియ్యం తెచ్చే పని; అతిథిది సంకల్పి హింస, అద్దె చెల్లించినంత మాత్రాన అది పనివాడికి బదిలీ కాదు. ఒకే గాలం, ఒకే చేప, రెండు కర్మలు.

ఇంత చెప్పినా, బిలాస్‌పూర్ నుంచి పాసు మీద సముద్రానికి వచ్చిన కుటుంబం ఒక పూట పడవెక్కి, తాము ఆ రాత్రి వండుకోబోయే రెండు చేపలను పట్టి, వాటిని కొట్టుకోనివ్వకుండా వెంటనే చంపితే, బజారులో కొన్నవారికంటే వారు ఎక్కువ దోషులని చెప్పడానికి ఆధారం లేదు. తమ తిండికి అయ్యే హింసను కళ్ళారా చూసినందువల్ల కొంత తక్కువ దోషులని కూడా వాదించవచ్చు. వారు నిజంగా తిండికే వచ్చారా అన్నది తేలేది ఆ రెండవ చేప పడ్డాక. అప్పటికి గంటన్నరే గడిచి, అద్దె మాత్రం పూటంతటికీ చెల్లించి ఉంటే, గాలం చుట్టి లోపల పెట్టడమా, ఇచ్చిన డబ్బు గిట్టుబాటు కావాలని మూడవ ఎర గుచ్చమనడమా అన్నది వారి చేతిలోనే ఉంటుంది; మూడవ ఎర నీటిలో పడిన తరువాత తిండి కోసమే పట్టామన్న సమాధానం చెల్లదు.